149 దగ్గర ఆగిన కీ

నా రూమ్మేట్‌కి 150కి 64 వచ్చాయి.

అశోక్‌నగర్‌లో ఉండి వచ్చినవాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా. గ్రూప్-2లో ఒక్కో పేపర్ 150 మార్కులు, అందుకే కోచింగ్ సెంటర్లు పెట్టే గ్రాండ్ టెస్టులు కూడా అంతే. ఆ అమ్మాయి అంతకుముందు రాసిన ఏ టెస్టులోనూ వందకి తగ్గలేదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి గేటు తీయకముందే వెళ్లి నిలబడే రకం. ఆ రోజు సాయంత్రం మాత్రం హాస్టల్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. లైటు వేస్తే తీసెయ్యమంది.

"నాతోని కాదే ఇగ. మా నాయినకు ఫోన్ జేస్త. సిరిసిల్లకు పోయి ఏదన్న బళ్లె చెప్పుకుంట."

నేనేం మాట్లాడలేదు. ఆ పేపర్ టైప్ చేసింది నేనే. బిట్లు కష్టంగా ఇచ్చారేమోలే అనుకున్నా. తప్పు నా చేతిలో జరిగిందని అప్పటికి తెలీదు.

నేనూ గ్రూప్స్ కోసమే సూర్యాపేట నుంచి వచ్చా. హాస్టల్ ఫీజు కోసం సాయంత్రాలు చిక్కడపల్లిలో ఒక డీటీపీ షాపులో కూర్చునేదాన్ని. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి రెండో సందు. కింద జిరాక్స్, స్పైరల్ బైండింగ్. ఇరుకు మెట్లెక్కితే పైన ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, తిరిగీ తిరగని ఫ్యాను. చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల మెటీరియల్, మధ్యమధ్యలో పెళ్లి పత్రికలు, త్యాగరాయ గానసభలో జరిగే సన్మానాలకి కరపత్రాలు. నోటిఫికేషన్ పడిందా, ఇక పెళ్లిళ్లూ సన్మానాలూ అన్నీ పక్కకి. బిట్లే బిట్లు.

ఆ కంప్యూటర్ మీద పగలు అన్న, సాయంత్రం నేను. అన్న అంటే మా షాపు సీనియర్ ఆపరేటర్. పేజ్‌మేకర్, అనూ ఫాంట్ల కాలం నుంచీ కీబోర్డు మీదే బతికిన మనిషి. నేను చేరిన మొదటి రోజు నాకు నేర్పింది టైపింగ్ కాదు, ఒక మీట. "ఇగో చెల్లె, జవాబు ముంగట స్టార్ పెట్టుకుంట పో. ఆఖరికి ఆల్ట్ పట్టుకొని కె కొట్టు. అంతే."

కొడితే ఏమయ్యేదో చెప్తే మీకు నవ్వొస్తుంది, నాకు మాత్రం దణ్ణం పెట్టాలనిపించింది. 150 బిట్లు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, మొత్తం 600. ఆ ఆప్షన్లన్నీ వరసలో సర్దుకునేవి. నేను పెట్టిన స్టార్లన్నీ మాయమైపోయేవి. చివరి పేజీలో పది నిలువు వరసలతో కీ తయారై కూర్చునేది. చేత్తో చేస్తే రెండు గంటల పని. అది టీ చప్పరించేలోపు అయిపోయేది.

దీన్నే మ్యాక్రో అంటారు. ఒక పనిలో మెట్లన్నీ ఒకసారి రాసిపెట్టుకుని, దానికో పేరు పెట్టి, కావాలంటే ఒక మీటకి కట్టేసుకోవడం. వర్డ్‌లో, ఎక్సెల్‌లో ఎవరికి వాళ్లు రాసుకోవచ్చు. ఫోన్లో వర్డ్ వాడేవాళ్లకి ఇవి పనిచేయవు. అందుకే మనలో చాలామంది వాటి పేరు కూడా విని ఉండరు. అన్న డిగ్రీ ఫెయిలైన మనిషి. ఎవరూ నేర్పలేదు. రికార్డు బటన్ నొక్కి, అది ఏం రాసిందో చూసి, దాన్నే మారుస్తూ మారుస్తూ ఏళ్ల తరబడి నలభై దాకా రాసుకున్నాడు.

ఆ వానాకాలం అన్నకి షుగర్ కళ్లకి దిగింది. ఒక కంటికి ఆపరేషన్. నెలా పదిహేను రోజులు స్క్రీన్ వైపు చూడొద్దన్నారు. సరిగ్గా ఆ వారమే కంప్యూటర్ మొరాయించింది. సర్వీస్ అబ్బాయి వచ్చి విండోస్ కొత్తగా ఎక్కించి, "సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ జేసిన మేడం, మీ ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌ల సేఫ్" అని చెప్పి డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. చూస్తే నిజంగానే అన్నీ ఉన్నాయి. ఒక్క పెళ్లి పత్రిక కూడా పోలేదు.

మర్నాడు గ్రాండ్ టెస్ట్ మ్యాటర్ వచ్చింది. 150 బిట్లూ కొట్టి, స్టార్లు పెట్టి, రాత్రి తొమ్మిదిన్నరకి ఆల్ట్ కె కొట్టా. ఏమీ కాలేదు. మళ్లీ కొట్టా. ఆల్ట్ ఎఫ్8 కొడితే మ్యాక్రోల జాబితా కనపడాలి. తెల్లగా ఖాళీగా ఉంది. కింద ఓనర్ సార్ షటర్ సగం దించి, "అయిందా అమ్మా, పొద్దున్నే మూడొందల కాపీలు ఇవ్వాల" అని రెండుసార్లు అరిచాడు.

ఎందుకు తెరిచానో నాకే తెలీదు, ఆన్సర్లు ఎలా సర్దారో చూద్దామని డీ డ్రైవ్‌లో పాత టెస్ట్ పేపర్ ఒకటి తెరిచా. చేతి అలవాటుగా ఆల్ట్ కె తగిలింది. పనిచేసింది! మూసేసి నా ఫైల్‌లో కొట్టా. పనిచేయలేదు. మళ్లీ పాత ఫైల్, పనిచేసింది. దెయ్యం పట్టిన రిమోట్ లాగా ఉంది యవ్వారం. నేనేమన్నా పరిశోధన చేస్తానా ఆ టైంలో! నా బిట్లన్నీ కాపీ చేసి ఆ పాత ఫైల్‌లో పేస్ట్ చేసి ఆల్ట్ కె కొట్టేశా. కీ వచ్చేసింది. ప్రాణం లేచొచ్చింది.

కీ 149 దగ్గర ఆగింది. 150వ గడి ఖాళీ.

చివరి బిట్‌కి స్టార్ పెట్టడం మర్చిపోయానేమో అనుకున్నా. దాని జవాబు 'సి'. చేత్తో 'సి' అని కొట్టి, ప్రింట్ ఇచ్చి, హాస్టల్‌కి పోయి పడుకున్నా.

ఇప్పుడు ఆ దెయ్యం సంగతి. ఇది నాకు తర్వాత అర్థమైంది గానీ మీకు ఇక్కడే చెప్పేస్తా.

మీరు ఒక మీట నొక్కగానే వర్డ్ ఆ మ్యాక్రో కోసం కంప్యూటర్ మొత్తం వెతకదు. అలా వెతికితే టీ చల్లారిపోతుంది. దానికి తెలిసిన చోట్లు కొన్నే, వాటికో వరస ఉంది. ముందు, తెరిచి ఉన్న ఫైల్‌లోనే ఉందా అని చూస్తుంది. మామూలు డాక్స్ ఫైళ్లు మ్యాక్రోల్ని దాచుకోలేవు, డాక్ఎమ్ లాంటి రకాలే దాచుకుంటాయి. అక్కడ లేకపోతే, ఆ ఫైల్ ఏ టెంప్లేట్ మీద తయారైందో అందులో. అక్కడా లేకపోతే నార్మల్.డాట్ఎమ్ అనే ఫైల్‌లో. ఇది అందరి వర్డ్‌లోనూ ఉంటుంది, మనం కొత్త పేజీ తెరిచినప్పుడల్లా వెనక ఉండేది ఇదే. ఆ తర్వాత స్టార్టప్ అనే ఫోల్డర్‌లో పడేసిన టెంప్లేట్లు, వర్డ్ లేవగానే వాటినీ లేపుకొస్తుంది.

మా అమ్మ అగ్గిపెట్టె వెతికినట్టే. ముందు పొయ్యి పక్కన, తర్వాత గూట్లో, తర్వాత దేవుడి దగ్గర. పొయ్యి పక్కన చెమ్మెక్కిన అగ్గిపెట్టె దొరికితే దాన్నే గీస్తూ కూర్చుంటుంది. దేవుడి దగ్గర కొత్తది ఉన్నా అంతదూరం పోదు.

అన్న తన మ్యాక్రోల్ని మొదట్లో డీ డ్రైవ్‌లో ఒక టెంప్లేట్ చేసి పెట్టుకున్నాడు. పాత పేపర్లన్నీ ఆ టెంప్లేట్‌కి కట్టి ఉన్నాయి. తర్వాత్తర్వాత, ఏ ఫైల్ తెరిచినా పనిచేయాలని, అన్నిటినీ నార్మల్‌లోకి మార్చుకుని, బాగుచేసేవన్నీ అక్కడే చేసుకుంటూ వచ్చాడు. ఆ నార్మల్.డాట్ఎమ్ ఉండేది సీ డ్రైవ్‌లో, యూజర్ పేరు లోపల, యాప్‌డేటా అనే దాచిపెట్టిన ఫోల్డర్‌లో. మామూలుగా చూస్తే ఆ ఫోల్డర్ కంటికి కూడా కనపడదు. సర్వీస్ అబ్బాయి తుడిచేసింది దాన్నే. తమాషా ఏంటంటే నార్మల్ పోతే వర్డ్ గొడవ చేయదు. చడీచప్పుడు లేకుండా ఒక ఖాళీ నార్మల్ తయారుచేసుకుని పని మొదలుపెడుతుంది. పోయిందని మనకి చెప్పేవాళ్లుండరు.

ఎక్సెల్ వాడేవాళ్లూ ఓ చెవి వేయండి. మీ సొంత మ్యాక్రోలు పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌బి అనే ఫైల్‌లో, ఎక్స్‌ఎల్‌స్టార్ట్ ఫోల్డర్‌లో ఉంటాయి. అదీ ఆ యాప్‌డేటా లోపలే. ఈసారి ఎవరైనా "డీ డ్రైవ్ సేఫ్" అంటే వెంటనే సంతోషపడకండి.

అంటే పాత ఫైల్‌లో నాకు పనిచేసిన ఆల్ట్ కె, నాకు అలవాటైన ఆల్ట్ కె కాదు. అన్న ఎప్పుడో వదిలేసిన పాతది. పేరు అదే, మీట అదే.

మళ్లీ రూమ్‌కి వద్దాం. 64 వచ్చిన రాత్రి ఆమె నిద్రపోయాక, క్వశ్చన్ పేపర్ తీసుకుని నాకు వచ్చినవి నేను చూసుకుంటున్నా. 62 దాకా బాగానే ఉంది. 63వ బిట్‌కి జవాబు 'బి' అని నాకు ఖాయంగా తెలుసు, కీలో 'డి' ఉంది. 64కి 'డి' రావాలి, 'ఎ' ఉంది. 65కి 'ఎ' రావాలి... వరసగా పది చూశాక ఒళ్లు చల్లబడింది. ప్రతి జవాబూ ఒక గడి ముందుకి జరిగింది.

63వ బిట్‌లో ఆప్షన్లు చిన్నవి, ఒక్కో లైన్లో రెండేసి పెట్టా. స్టార్ రెండో దాని ముందు, లైన్ మధ్యలో ఉంది. పాత మ్యాక్రో లైన్ మొదట్లో ఉన్న స్టార్లనే ఏరుకునేది. ఇది దానికి కనపడలేదు. దీన్ని దాటేసి 64వ దాని జవాబుని 63 గడిలో పెట్టి, అలా చివరిదాకా పోయింది. 149 దగ్గర ఆగింది అందుకు. ఖాళీ గడి 'ఏదో తప్పింది' అని నాకు చెప్పింది. నేను 'సి' కొట్టి దాని నోరు మూసేశా.

ఆ రాత్రి ఆమెను లేపి చెప్పలేదు. పొద్దున చెప్పా. నా మొహంలోకి చూసి, "నేను ఏడుస్తాంటె సూస్తనే ఉన్నవ్ గద" అంది. రాత్రే తెలిసిందని చెప్పినా వినలేదు. బ్యాగ్ తీసుకుని లైబ్రరీకి వెళ్లిపోయింది. వెళ్లింది లైబ్రరీకే, సిరిసిల్ల బస్సుకి కాదు, అదే చాలనుకున్నా. ఓనర్ సార్‌కి చెప్పా. ఆయన కోచింగ్ సెంటర్‌కి ఫోన్ చేసి తిట్లు తిని, మార్చిన కీ సొంత ఖర్చుతో కొట్టించి పంపాడు. నా జీతంలో మూడు రోజులు కోత. అందులో అన్యాయం ఏమీ లేదు.

కానీ వచ్చే వారం ఇంకో గ్రాండ్ టెస్ట్ ఉంది. అన్నకి ఫోన్ చేయక తప్పలేదు. వదిన ఎత్తి, స్పీకర్ పెట్టి ఆయన పక్కన పెట్టింది. అన్నీ చెప్పాక కాసేపు ఏం మాట్లాడలేదు.

"నార్మల్ పోయిందా చెల్లె?"

"పోయిందన్నా."

"ఒక కాపీ నా ఫోన్ల ఉండాలె. మీ వదినతోని పంపిస్త."

వాట్సాప్‌లో వచ్చింది, డాక్ఎమ్ ఫైల్. కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి తెరిస్తే పైన ఎర్ర పట్టీ. ఈ ఫైల్ నమ్మదగ్గ చోటు నుంచి రాలేదు, మ్యాక్రోలు ఆపేశాం అని. వర్డ్‌కి ఈ అనుమానం ఊరికే రాలేదు. 1995లో కాన్సెప్ట్ అనే వైరస్ ఇదే వరసని వాడుకుంది. ఒక ఫైల్ తెరవగానే అందులోని మ్యాక్రోలు నార్మల్‌లోకి దూకేవి, అక్కడి నుంచి మీరు సేవ్ చేసే ఫైళ్లలోకి పాకేవి. 1999లో వచ్చిన మెలిస్సా అయితే అవుట్‌లుక్ అడ్రస్ బుక్‌లో మొదటి యాభై మందికి తనని తాను మెయిల్ చేసుకునేది. ఆ బెడద తగ్గక, చివరికి 2022లో ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్లలో మ్యాక్రోలు ఒక్క నొక్కుతో నడవకుండా చేశారు. పంపింది మనవాళ్లే అని ఖాయమైతే, ఫైల్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి. పెట్టా. తెరుచుకుంది. అందులో పెళ్లి పత్రికల మ్యాక్రోలే ఉన్నాయి. కీ లేదు.

"అయితే నారాయణగూడ పో" అన్నాడు అన్న.

నారాయణగూడలో మా సార్‌కి ఇంకో చిన్న షాపు ఉంది. చిక్కడపల్లి నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్. టికెట్ డబ్బులు దండగని మెట్రో పిల్లర్ల కిందే నడుచుకుంటూ వెళ్లా, సన్నగా వాన. అక్కడి కంప్యూటర్ ముందు కూర్చుని మళ్లీ ఫోన్ చేశా. ఇక అక్కడి నుంచి జరిగింది నేను మర్చిపోలేను. కంటికి కట్టుతో మంచం మీద పడుకున్న మనిషి, ఎదురుగా స్క్రీన్ ఉన్నట్టే దారి చెప్పుకుంటూ పోయాడు.

"విండోస్ మీట పట్టుకొని ఆర్ కొట్టు. చిన్న డబ్బా అచ్చిందా? పర్సెంట్ గుర్తు, యాప్‌డేటా, మల్ల పర్సెంట్. ఎంటర్. మైక్రోసాఫ్ట్ ఉంటది. దాంట్ల వర్డ్. దాంట్ల స్టార్టప్. ఏమున్నది?"

"ఏం లేదన్నా. ఖాళీ."

"ఎట్ల ఖాళీ? నేనే పెట్టిన." ఒక నిమిషం ఆలోచించి, "ఎవరి లాగిన్ల ఉన్నవ్?"

ఓనర్ సార్ లాగిన్‌లో ఉన్నా. అదీ మెలిక. ఒకటే కంప్యూటర్ అయినా లాగిన్ లాగిన్‌కి వేరే యాప్‌డేటా, వేరే నార్మల్, వేరే స్టార్టప్. పక్కపక్క గదుల్లో ఉన్న రెండు బీరువాల్లాంటివి. ఆ పర్సెంట్ యాప్‌డేటా ఎవరు కూర్చుంటే వాళ్ల బీరువానే తెరుస్తుంది. అన్న తన లాగిన్ పాస్‌వర్డ్ చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాడు. వాళ్ల పాప పేరు, పుట్టిన సంవత్సరం. బయటికొచ్చి, అన్న లాగిన్‌లోకి వెళ్లి, అదే దారి. స్టార్టప్‌లో ఒకే ఒక్క ఫైల్. వర్డ్ తెరిచి ఆల్ట్ ఎఫ్8 కొడితే జాబితా గడగడా దిగింది.

"దొరికిందన్నా" అంటే, "ఆ ఫైల్‌నే వర్డ్‌ల ఓపెన్ జేసి, కీ పేరు మీద నొక్కి ఎడిట్ జేయి. లైన్ మధ్యల స్టార్ జూస్తదో లేదో జూడు, లేకుంటె మల్ల పంచాయితీ" అన్నాడు.

తెరిచా. ఆ ఎడిటర్‌లో తెలుగు అక్షరాలు రావు. అందుకని అన్న తన గుర్తుల్ని తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాలతో రాసుకున్నాడు. ముందు ఒక కొటేషన్ గుర్తు పెడితే కంప్యూటర్ ఆ లైన్ చదవకుండా వదిలేస్తుంది, మనుషుల కోసమే అన్నమాట. 'ఈ లైన్ ముట్టుకోవద్దు.' 'ఇది ఎందుకు పనిచేస్తుందో తెల్వదు.' స్టార్లు ఏరే చోట, కొత్తగా కలిపిన ఏడెనిమిది లైన్ల పైన ఇలా ఉంది: 'ఒక లైన్ల రెండు ఆప్షన్లు ఉంటె తప్పుతుంది. కీ మొత్తం జరిగింది. ఒక పిల్లగాడు షాపుకొచ్చి ఏడ్చిండు.'

ఫోన్లో అన్న "ఉన్నదా?" అని అడుగుతున్నాడు. ఉందన్నా. చదివి వినిపించలేదు.

ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో చిక్కడపల్లికి తెచ్చా. ఈసారి యాప్‌డేటా జోలికి పోలేదు. వర్డ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద చివరికంటా వెళ్తే ఫైల్ లొకేషన్స్ అని ఉంటుంది. స్టార్టప్ ఫోల్డర్ ఎక్కడో అక్కడ మనమే చెప్పొచ్చు. డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి, దాన్ని చూపించా. వర్డ్‌కి నమ్మకమైన చోట్ల జాబితా వేరే ఉంటుంది, అందులో కూడా ఆ ఫోల్డర్‌ని కలిపా. పాత టెంప్లేట్‌ని చెరిపేయడానికి చెయ్యి రాలేదు, పేరు మార్చి పక్కన పెట్టా. ఇక పాత పేపర్లు తెరిచినా వర్డ్‌కి అది దొరకదు, స్టార్టప్‌లో ఉన్న కొత్తదాని దగ్గరికే వస్తుంది. ఈ సంగతి ఫోన్లో చెప్తే అన్న, "ఆ పని నేనే చెయ్యాల్సుండె చెల్లె. బద్ధకం" అన్నాడు.

రూమ్మేట్ నాతో ఐదు రోజులు మాట్లాడలేదు. సవరించిన కీతో ఆమెకి 107. ఆ సంగతి కూడా నాకు వేరేవాళ్లు చెప్పారు.

ఆరో రోజు సాయంత్రం షాపు మెట్లెక్కి వచ్చింది. తర్వాతి గ్రాండ్ టెస్ట్ పేపర్, కీతో సహా స్పైరల్ కావాలంది. ఇచ్చా. చివరి పేజీ తిప్పి, 150 గడులూ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, అప్పుడు తీసింది పర్సు.